వాళ్ళకు 18 గుంతలు, మనకు గుంటెడు జాగ లేదు

హైదరాబాదు చుట్టూ ఆడదగిన మంచి గోల్ఫ్ మైదానాలు ఏవి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే జాబితాలు ఇంగ్లీషు పత్రికల రంగు పేజీల్లో కనబడుతుంటాయి. ఎక్కడ గడ్డి మెత్తగా ఉంటుంది, ఎక్కడ బండల నడుమ బంతి కొడితే మజాగా ఉంటుంది, ఏ క్లబ్బులో విందు బాగుంటుంది - అన్నీ రాస్తారు. ఆ గడ్డి కింది భూమి ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఎంతకు ఇచ్చారు అన్నది మాత్రం రాయరు. వాళ్ళు రాయరు కాబట్టి మనమే రాసుకోవాలె.

అన్నలారా, అక్కలారా! గోల్ఫ్ అంటే తెలవని వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. ఒక చిన్న తెల్ల బంతి. దాన్ని కర్రతో కొట్టి ఎక్కడో దూరాన ఉన్న గుంతలో పడేయాలె. అట్లాంటి గుంతలు 18. మన పిల్లలు గోలీలాడితే వాకిట్లో జానెడు జాగ చాలు. చిర్రగోనె ఆడితే ఊరి బయట బీడు చాలు. ఈ ఆటకు మాత్రం నూరు, నూటయాభై, రెండు వందల ఎకరాలు కావాలె. ఆడేటోడి కర్రల సంచి మోయడానికి పక్కన ఇంకో మనిషి కావాలె. ఆయన్ని క్యాడీ అంటారు. ఆడేది ఒకరు, మోసేది ఒకరు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు.

ఇగ జాబితా చూద్దాం. అందులో తప్పకుండా కనబడే పేరు గచ్చిబౌలి దగ్గరి బౌల్డర్ హిల్స్. 2002-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏపీఐఐసీ అనే తన సంస్థ ద్వారా దుబాయి కంపెనీ ఎమ్మార్‌తో ఒప్పందం చేసుకుంది. మణికొండ, నానక్‌రాంగూడ వైపు 500 ఎకరాలకు పైగా భూమి. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ మైదానానికి 66 ఏండ్ల లీజు. కౌలు ఎంతో తెలుసా? మైదానం మీద వచ్చే ఆదాయంలో నూటికి 2 రూపాయలు! మన ఊళ్ళో మాదిగ రైతు దొర పొలం కౌలుకు పడితే పంట పండినా ఎండినా కౌలు కట్టాలె. పాలుకు పడితే సగం గింజలు దొర ఇంటికి మొయ్యాలె. ఇక్కడ సర్కారు దొరకు నూటికి రెండే చాలట. ఇంకో 258 ఎకరాలు ఇండ్ల కోసం ఎకరం 29 లక్షల చొప్పున ఇచ్చారు. ఎకరానికి 4,840 గజాలు. లెక్క కట్టండి. గజం 600 రూపాయలు కూడా పడలేదు.

హైకోర్టు ఆదేశం మీద 2011లో సిబిఐ దీని మీద కేసు పెట్టింది. ప్లాట్లు గజం 5,000 అని కాగితాల మీద చూపి, పైన లెక్కలో లేని డబ్బు దండుకున్నారన్నది సిబిఐ ఆరోపణ. భూమి ఇచ్చింది తెలుగుదేశం హయాంలో. ఆ తర్వాత కాంగ్రెసు హయాంలో ఏపీఐఐసీ వాటా కరిగిపోయిందన్నది కూడా ఆ కేసులోని మాటే. ఎవరి తప్పు ఎంతో తేల్చడం కోర్టు పని. మన ప్రశ్న అంతకంటే పెద్దది. పైసా లంచం లేకుండా, ప్రతి కాగితం మీద పద్ధతి ప్రకారం ముద్ర వేసి ఇచ్చి ఉంటే మాత్రం ఆ పంపకం న్యాయమయ్యేదా?

ఆ 235 ఎకరాలు మాల మాదిగల పట్టాలని మేం అనడం లేదు. లేనిది చెప్పి కొట్లాడాల్సిన ఖర్మ మనకు లేదు. ఆ వైపు భూములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గావని వక్ఫ్ బోర్డు ఏండ్ల తరబడి కొట్లాడింది. మొత్తం 1,654 ఎకరాల తగాదా. ఎమ్మార్‌కు ఇచ్చిన భూమి కూడా అందులోదే. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది ప్రభుత్వ భూమే అని తేల్చింది. మంచిది. ఇగ మనం అడగాల్సింది అడుగుదాం. ప్రభుత్వ భూమి అంటే ఎవరి భూమి? నిజాం రాజ్యం పోయినంక 1949లో జాగీర్లు రద్దయినయి. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. జాగీరు పోయింది జనం కోసం అన్నారు. అదే మణికొండ జాగీరు నేల మీద యాభై ఏండ్ల తర్వాత కొత్త జాగీర్దారును కూర్చోబెట్టారు. పాత జాగీర్దారు గుర్రం మీద తిరిగేటోడు. కొత్తాయన బ్యాటరీ బండి మీద తిరుగుతడు. అంతే తేడా.

2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇస్తమని పథకం మొదలుపెట్టింది. అందింది కొద్దిమందికే. ఎక్కడ అడిగినా 'భూమి దొరకడం లేదు' అన్న జవాబే. 2021 వచ్చేసరికి మూడెకరాల మాట వెనక్కి పోయి దళితబంధు మాట ముందుకొచ్చింది. 235ను మూడుతో భాగించండి. 78 కుటుంబాలు. 'అయ్యా, అవి రాళ్ళ గుట్టలు, నాగలి సాగదు' అంటారా? సరే, ఇండ్ల జాగల లెక్క కడదాం. 235 ఎకరాలంటే 11 లక్షల 37 వేల గజాలు. సగం రోడ్లకు, బడికి, నీళ్ళ ట్యాంకుకు వదిలినా 5,600 కుటుంబాలకు తలా నూరు గజాలు వస్తయి. హైదరాబాదులో ఇండ్లు కట్టే మేస్త్రీ కూలీలకు, వీధులు ఊడ్చే అక్కలకు దొరకని భూమి బంతికి దొరికింది.

జాబితాలో ఇంకో పేరు గోల్కొండ. కోటలోని నయాఖిల్లా భాగంలో గోల్ఫ్ మైదానం నడుస్తున్నది. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు. పాత ఇల్లు మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి తెచ్చుకోవాలె. కోట గోడల పక్కన బతికే పేద ముస్లింలకు, దళితులకు ఈ బాధ తెలుసు. మరి కోట లోపల మట్టి తవ్వి గడ్డి పరిచిన వాళ్ళకో? పురావస్తు శాఖ అభ్యంతరాలు, కోర్టు తగాదాలు అన్నీ నడిచినయి. ఆట కూడా నడుస్తూనే ఉన్నది. చట్టం ఒకటే, గేట్లు మాత్రం రెండు.

'ఎందుకు ఏడుస్తరు? మైదానం వస్తే మీ పిల్లలకే నౌకర్లు' అనే పెద్దమనుషులు మన ఊళ్ళకు కూడా వస్తారు. ఏం నౌకర్లు? గడ్డి కోసే నౌకరి, నీళ్ళు పెట్టే నౌకరి, సంచి మోసే నౌకరి. ఎడ్డితనం చూడండి, పశువులకు గడ్డి లేని చోట తినని గడ్డిని పెంచడానికి మనకు కూలి. 'మురుగునీళ్ళు శుద్ధి చేసి పోస్తం, మంచినీళ్ళు ముట్టం' అంటారు. పోయండి. ఆ మురుగు కాలువలో దిగి ఊపిరాడక చచ్చేది కూడా మా పిల్లలే కదా!

ఆట మీద మనకు పగ లేదు. మన చేతికి కర్ర దొరికితే ఏమైతదో లోకం చూసింది. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిండు. దక్షిణాఫ్రికాలో పాప్వా సెవ్‌గోలమ్ ఉన్నడు. మన దేశం నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయిన వాళ్ళ సంతతి. మన తెలుగు కూలీలు కూడా పోయిన డర్బన్ ఊరు ఆయనది. చిన్నప్పుడు తెల్లవాళ్ళ సంచులు మోసిండు. 1963లో నాటాల్ ఓపెన్‌లో తెల్లవాళ్ళను ఓడించి గెలిచిండు. తెల్లవాళ్ళు క్లబ్బు లోపల ఉన్నారు. గెలిచిన మనిషికి బయట, వానలో కప్పు చేతికిచ్చారు. తర్వాత పోటీల్లో ఆడకుండానే చేశారు. గుడి బయట నిలబడి తీర్థం పట్టిన జాతి మనది. ఆ వాన మనకు తెలియదా?

అమెరికాలోనూ అదే కథ. అక్కడి వృత్తి గోల్ఫ్ ఆటగాళ్ళ సంఘం 1934 నుంచి 1961 దాకా తెల్లజాతి వాళ్ళకే సభ్యత్వం అని నియమం రాసుకుంది. అగస్టా క్లబ్బులో సంచులు మోయడానికి నల్లవాళ్ళు కావాలె, సభ్యుడిగా మాత్రం 1990 దాకా ఒక్క నల్లవాడూ పనికిరాలేదు. బంతిని నిలబెట్టే చిన్న మేకుకు 1899లో పేటెంటు తీసుకున్నది జార్జి గ్రాంట్ అనే నల్లజాతి దంతవైద్యుడు! మన దేశం కథ చూస్తే, 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు భోజనాల గదిలో మేఘాలయ ఖాసీ మహిళను, ఆమె తన జాతి దుస్తుల్లో ఉంటే, పనిమనిషిలా ఉందని లేచిపొమ్మన్నారు. ఆ క్లబ్బు ఉన్నది ప్రభుత్వం లీజుకిచ్చిన భూమి మీదనే. జనం భూమి మీద జనానికి ప్రవేశం లేదు. దీనికి ఇంగ్లీషులో ఏ పేరు పెట్టినా తెలుగులో వెలి అనే అంటారు.

సంఘం కార్యకర్తలు ఈ మాటలు ఊళ్ళో చదివి వినిపించండి. 2013 భూసేకరణ చట్టంలో ప్రజా ప్రయోజనం కింద క్రీడలు, పర్యాటకం కూడా రాసి ఉన్నయి. రేపు మీ ఊరికి గోల్ఫ్ ఆ రెండు పేర్లతోనే వస్తది. కంపెనీకి భూమి సేకరిస్తే నూటికి 80 మంది, సర్కారు కంపెనీ కలిసి చేస్తే నూటికి 70 మంది ఒప్పుకోవాలని ఆ చట్టమే చెప్పింది. ఊరి మీద పడే దెబ్బ ఎంతో ముందు సర్వే చేయాలన్నది. తెలంగాణ 2017లో సవరణ తెచ్చి కొన్ని పనులకు ఆ సర్వే తప్పించుకునే దారి తీసింది. కాబట్టి ఏ దారిన వస్తున్నారో కాగితం మీద అడగండి.

మన దగ్గర ఉన్నవి ఎక్కువగా అసైన్డ్ పట్టాలు. 1977 చట్టం కింద మనం అందులో గుంట కూడా అమ్మరాదు. సర్కారు మాత్రం 'మేమిచ్చిందే, తీసుకుంటున్నం' అంటది. బెదరకండి. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తేల్చి చెప్పింది. ప్రజా ప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమి గుంజుకుంటే సొంత పట్టాదారుకు ఇచ్చినంత పరిహారం ఇవ్వాలన్నది. అది చేవెళ్ళ ఆర్డీవో ఆఫీసు మీద నడిచిన కేసే. పట్టా, పహాణీ నకళ్ళు ఇప్పుడే తీసి పెట్టుకోండి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయకండి.

మన డిమాండ్లు మూడు. ప్రభుత్వ భూమి మీద నడుస్తున్న ప్రతి గోల్ఫ్ మైదానం లీజు కాగితం, కట్టిన కౌలు లెక్క జనం ముందు పెట్టాలె. షరతు తప్పిన లీజు రద్దు చేసి ఆ భూమి ఇండ్లు లేని వాళ్ళకు పంచాలె. మన అసైన్డ్ పట్టాలను ఏ ఆట కోసమూ ముట్టరాదు.

వాళ్ళ బంతి ఎంత దూరం పోతదో అంత దూరం వాళ్ళ హద్దురాయి జరుగుతున్నది. ఆ రాయి మన ఊరి పొలిమేరకు రాకముందే మనం లేవాలె.

జై భీమ్!