రాత్రిపూట రంది

నేను ఉమ్ సలాల్‌లో సైటు సూపర్‌వైజర్‌ను. "రంది పెట్టుకోకు రా భై" అనే మాట నాకు నచ్చదు. చెప్పినోడు పక్కకు తిరిగి గుర్రు పెడతడు. విన్నోడు మాత్రం పై బెడ్డు దిక్కు చూసుకుంట తెల్లారేదాకా పడుంటడు.

పోయిన ఎండాకాలం మా షట్టరింగ్ పిల్లగాడు ఒకడు మూడో అంతస్తు అంచు మీద నడుస్తున్నడు. నడుముకు బెల్టు ఉంది గానీ హుక్కు తగిలించలేదు. కేక వేసి ఆపిన. కిందికి దింపి, నీళ్లు తాగించి అడిగితే మూడు రాత్రుల నుంచి నిద్ర లేదన్నడు. మన కంపెనీ వాళ్ల ఐడీలు ఇక రెన్యూ కావని ఎవరో ఫోన్ల మెసేజి పంపిండ్రట. వాని ఫోన్‌లోనే మెట్రాష్ తెరిచి చూస్తే ఐడీకి ఇంకా ఐదు నెలల గడువుంది. రెండు నిమిషాల పని! దాన్ని అడగక ప్రాణం మీదికి తెచ్చుకునేటోడు.

వాన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఒకసారి మా ఇంటామె ఫోన్ ఎత్తలేదని రాత్రి పదకొండుకు పదకొండు సార్లు కొట్టిన. మనకంటే ఇల్లు రెండున్నర గంటలు ముందు, అక్కడ ఒంటిగంటన్నర అయింది. ఆమె లేచి అన్ని మిస్డ్ కాల్స్ చూసి నాకేమో అయిందని ఏడ్చింది. అమ్మకు బీపీ పెరిగింది. నా రంది తగ్గించుకోబోయి ఇంటి నిండా పంచిన.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్న. మనసులో గుచ్చుకునేది అందులో రాస్త. కనుక్కుంటే తెలిసేవి శుక్రవారం కనుక్కుంట. జీతం సంగతే తీసుకోండి. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస జీతం 1000 రియాల్, కంపెనీ రూం ఇయ్యకుంటే 500, తిండి పెట్టకుంటే 300 అదనం. నాకేమన్న అయితే పిల్లల గతేంది అని గుబులా? ప్రవాసీ భారతీయ బీమా కాగితం తీసి తేదీ చూసుకోండి. ప్రమాదంలో పోతే 10 లక్షలు, ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలే. గుండెపోటుకు మాత్రం రాదు, అదీ తెలిసి ఉండాలె. మనోళ్లు చాలామందికి గడువు దాటిపోయిందన్న సంగతే తెల్వదు.

అమ్మ మోకాలు, బిడ్డ పదో తరగతి మార్కులు కనుక్కున్నా మన చేతిలో లేవు. వాటికోసం రోజూ ఇక్కడి ఏడింటికి ఫోన్ చేస్త, అక్కడ తొమ్మిదిన్నర. తర్వాత ఫోన్ దూరం పెడత. కొందరు మందు తాగి పడుకుంటరు. పొద్దుగాల సైటుకు వస్తే వాళ్ల చేతులు చూసి నాకు తెలిసిపోతది.

అప్పు వేరే. మూడు రూపాయల మిత్తి నోటుబుక్కులో రాస్తే తగ్గదు. కానీ నా అప్పు మొత్తం ఎంతో రెండేండ్లు భయపడి అడగనే లేదు. అడిగితే నేననుకున్న దానికన్న నలభై వేలు ఎక్కువే తేలింది. అయినా ఆ రాత్రి నిద్రపోయిన, ఎందుకో మరి. వారాల తరబడి నిద్ర లేక గుండె దడదడ కొట్టుకుంటే మాత్రం లెక్కలు పక్కన పెట్టి, హెల్త్ కార్డు పట్టుకొని డాక్టర్ దగ్గరికి పోండి.

శుక్రవారం సాయంత్రం మా మెస్సు ముందర కూర్చుంట. ఐడీ, బీమా, అప్పు లెక్క, ఏదున్నా తెండి. ఆ షట్టరింగ్ పిల్లగాడు కూడా వస్తడు. ఇప్పుడు వాడే నలుగురికి మెట్రాష్ తెరిచి చూపిస్తున్నడు.