యోగ్యతాపత్రము కుదువసొమ్ము కాదు

పరీక్షలు ముగిసినవి. ఫలితములు వెలువడినవి. ఉద్యోగమున చేరవలసిన దినము దగ్గరపడినది. పట్టా మాత్రము చేతికి రాలేదు. కళాశాల కార్యాలయపు కిటికీ లోపలినుండి వినవచ్చు మాట యొక్కటే: "గవర్నమెంటునుంచి నీ ఫీజు రాలేదు బాబూ, కట్టి తీసుకుపో. వాళ్ళిచ్చాక నీది నీకు తిరిగి ఇస్తాం." ఇట్టి మొరతో వేసవి చివర మాకు జాబులు వచ్చుట పరిపాటియైనది. మొన్న వచ్చినదానిని మేము పక్కన పెట్టలేకపోతిమి. వ్రాసినవాడు ఒక కౌలురైతు కుమారుడు. ఆ యింటిలో మొదటి పట్టభద్రుడు. ఆ సొమ్ము కట్టుటకై తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడి వచ్చెననియు, నోటు వ్రాయకమునుపే చట్టమున తనకు దారి యేదైన కలదేమో తెలుపుడనియు అడిగినాడు. ఈ పత్రికను పఠనమందిరములలో చదువువారి ఇండ్లలో ఇట్టి బిడ్డలు పెక్కుమంది కలరు గనుక, అతనికి ఈయవలసిన సమాధానమును ఇచ్చటనే వ్రాయుచున్నాము.

ముందుగ కళాశాలల పక్షమున చెప్పదగినది చెప్పెదము. అధ్యాపకులకు నెలనెలకు జీతము లీయవలెను, ప్రయోగశాలలు నడుపవలెను. ఫీజు రీయింబర్సుమెంటు పేర తాము చెల్లింతుమని ప్రభుత్వములు మాట యిచ్చిన సొమ్ము ఏండ్లతరబడి బకాయి పడుచున్నది. 2025 నవంబరులో తెలంగాణములోని ప్రైవేటు కళాశాలలు ఈ బకాయిలకొరకే తలుపులు మూసినవి. వారి బాధ నిజమైనదే. కాని రావలసినది కళాశాలకు, ఇచ్చెదమన్నది ప్రభుత్వము, కట్టివేయబడినవాడు విద్యార్థి! సచివాలయము మెట్లమీద గట్టిగ అడుగజాలని యాజమాన్యము కిటికీ వెలుపల నిలిచిన బక్కవాని గొంతు పట్టుకొనుట ఏపాటి న్యాయము?

ఆ మాట యటుంచి, విద్యార్థియే స్వయముగ బాకీపడెననుకొందము. అప్పుడైనను అతని కాగితములను పట్టియుంచు హక్కు కళాశాలకు కలదా? 1872 సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమున 171వ సెక్షను చూడుడు. తమయొద్ద నున్న పరుల వస్తువును తమకు రావలసిన మొత్తపు బాకీకై ఆపియుంచుకొను హక్కును ఆ సెక్షను అయిదు తెగలవారికే ఇచ్చినది: బ్యాంకులు, సరకుల కమీషను ఏజెంట్లు, రేవుగిడ్డంగుల వారు, హైకోర్టు అటార్నీలు, బీమా దళారులు. ఈ పట్టికలో కళాశాల లేదు. దానికి ముందున్న 170వ సెక్షను ప్రకారము, వస్తువుపై శ్రమపడినవాడు తన కూలి ముట్టువరకు దానిని ఆపవచ్చును. కంసాలి నగకు మెరుగుపెట్టినచో ఆ హక్కు అతనికి కలదు. పదవ తరగతి మార్కుల మెమోపై కళాశాల చేసిన పనితన మేమి? బీరువాలో పెట్టి తాళము వేయుట పనితనము కాదుగదా!

ఇంతకంటె సూటియైన తీర్పు ఒకటి కలదు. మధ్యప్రదేశములోని ఒక సహకార బ్యాంకు తన వకీలును మాన్పించి దావాకట్టలను తిరిగి యిమ్మనగా, ఫీజు ముట్టినగాని ఇయ్యనని ఆయన పట్టుపట్టెను. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. దావాకట్ట అంగడిలో అమ్మదగిన సరకు కాదనియు, వకీలు తన ఫీజును చట్టప్రకారము వేరుగ రాబట్టుకొనవలెనేగాని కట్టలను బిగబట్టరాదనియు నిర్ణయించినది. న్యాయవాదికే లేని హక్కు కళాశాల కార్యాలయమున కెచ్చటినుండి వచ్చును? ఆ తీర్పు కళాశాలలను గూర్చినది కాదని మే మెరుగుదుము. అయినను అందలి హేతువు ఇచ్చటను చెల్లునని మా నమ్మకము. యోగ్యతాపత్రమును సంతలో పెట్టిన ఎవ్వడును ఎర్రని యేగాని యీయడు. దాని విలువ అంతయు దానిపై పేరున్నవానికే. దానిని పట్టుకొన్నవాని పిడికిలి అంత బిగువుగా నుండుటకు కారణము నదియే. పైగా పట్టాను ప్రసాదించినది విశ్వవిద్యాలయము. కళాశాల దానిని అందించు నడిమిచేయి మాత్రమే. తపాలాజవాను తన చేబదులుకొరకు మన మనియార్డరును ఆపినచో ఊరకుందుమా?

ఇచ్చట ఒక హెచ్చరిక. స్పష్టమైన ఒడంబడిక యున్నచో మాట వేరగునని 171వ సెక్షనే చెప్పుచున్నది. కావున ప్రవేశమునాడు తొందరలో సంతకముచేసిన కాగితము లన్నిటి నకళ్ళును విద్యార్థి దాచుకొనవలెను. వైద్యవిద్యార్థులు ప్రభుత్వాసుపత్రులలో ఇన్ని యేండ్లు పనిచేయుదుమని వ్రాసియిచ్చు బాండ్లను సుప్రీంకోర్టు 2019లో సమర్థించినది. ఆ వ్యవహారమును ఫీజు బాకీతో కలిపి మాట్లాడుట పొరపాటు.

ఇక దారులు. నోటిమాటతో తిరిగిన పది తిరుగుళ్ళకంటె రసీదుతో ఇచ్చిన ఒక్క అర్జీ మేలు. ఏ యే పత్రములు ఎన్నడు ఇచ్చితినో, ఎన్నడు తిరిగి అడిగితినో, ఏ కారణము చెప్పిరో తేదీలతో వ్రాసి, ప్రిన్సిపాలునకు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనవలెను. తీసికొనమన్నచో స్పీడు పోస్టులో పంపవలెను. ఇది వట్టి మర్యాద కాదు. రేపు హైకోర్టున "నేను అడిగితిని, వారు నిరాకరించిరి" అని చూపుటకు ఈ కాగితమే ఆధారము.

అసలు పత్రములను సంస్థలు తమయొద్ద ఉంచుకొనరాదనియు, సరిచూచి వెంటనే తిరిగి యీయవలెననియు విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2018లోనే ప్రకటించినది. 2023 ఏప్రిలులో అదే సంఘము విద్యార్థుల ఫిర్యాదులను గూర్చి నిబంధనలు చేసినది. వాని ప్రకారము సంస్థలో ఒక ఫిర్యాదుల కమిటీ యుండవలెను. ఫిర్యాదు అందిన 15 పనిదినములలో అది నివేదిక యీయవలెను. దానితో తృప్తిపడనివాడు 15 దినములలో విశ్వవిద్యాలయపు అంబుడ్స్‌పర్సనుకు అప్పీలు చేసికొనవచ్చును. ఆ యధికారి 30 దినములలో తేల్చవలెను. చదువు మానదలచినవానిచే మిగిలిన ఏండ్ల ఫీజు కట్టించుటకై పత్రములను ఆపుటను ఆ నిబంధనలు పేరుపెట్టి ఫిర్యాదుగ చేర్చినవి. చదువు ముగించినవాని సంగతి అంత తేటగ వ్రాయలేదు. అయినను అతడును అర్జీ పెట్టవలసినదే, పత్రముల నుంచుకొనరాదన్న 2018 నాటి ప్రకటన అతనికిని వర్తించును. విద్యార్థి అర్హుడు కావలసిన తేదీనుండి 180 దినములలో పట్టము ప్రదానము చేయవలెనన్న 2008 నాటి నిబంధన వేరొకటి కలదు. జాప్యము విశ్వవిద్యాలయమునదే యైనచో దానిని చూపవలెను. తన పట్టా ఏ తేదీన ముద్రింపబడెనో, ఏ తేదీన కళాశాలకు పంపబడెనో సమాచారహక్కు చట్టము క్రింద విశ్వవిద్యాలయమును అడుగవచ్చును. 30 దినములలో బదులు రావలెను. "ఇంకను మాకు రాలేదు" అను కిటికీమాటకు ఇంతకంటె మంచి మందు లేదు.

ఈ మెట్లు ఫలింపనిచోట హైకోర్టు కలదు. ఆంధ్రప్రదేశమువారికి అమరావతిలో, తెలంగాణమువారికి హైదరాబాదులో. రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద మాండమస్ రిట్టు వేయుట ఆ దారి. ప్రైవేటు కళాశాలపై రిట్టు చెల్లదని యాజమాన్యములవారు బెదరింతురు. ప్రజాకర్తవ్యము నిర్వహించు ప్రైవేటు సంస్థపైకూడ మాండమస్ చెల్లునని అండి ముక్త దావాలో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినది; ఆ దావాలోని సంస్థయు ఒక ప్రైవేటు కళాశాలయే. ఫీజు బాకీకై పత్రములను ఆపిన సందర్భములలో వానిని తిరిగి యిమ్మని మన హైకోర్టులు పలుమారు ఆదేశించినవి. బాకీ నిజమైనచో కళాశాల సివిలు దావా వేసికొనవచ్చును. ఆ తలుపు ఎవ్వరును మూయలేదు. వకీలు ఖర్చునకు వెరచువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవలెను. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అల్పాదాయులకు ఉచితముగ న్యాయవాదిని ఏర్పాటుచేయుదురు.

వినియోగదారుల కోర్టునకు పరుగెత్తుమని సలహా చెప్పువారు కలరు. విశ్వవిద్యాలయము అమ్మకందారు కాదు, విద్యార్థి కొనుగోలుదారు కాదు అని సుప్రీంకోర్టు 2010లో నిర్ణయించియుండగా, ఆ త్రోవ నమ్మదగినది కాదు. పోలీసు ఠాణాకు పోయినవారు సివిలు తగాదా యని వినిపించుకొని తిరిగివచ్చుటయే ఎక్కువ.

సంస్థ తలచినచో విద్యార్థి భవిష్యత్తును ఎట్లు బిగబట్టగలదో తెలుగువారు ఇదివరకే చూచినారు. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయము విద్యార్థులను వెళ్ళగొట్టగా, నాగపురి విశ్వవిద్యాలయము తలుపు తెరచి వారిని చేర్చుకొన్నది. అట్లు పోయినవారిలో పి. వి. నరసింహారావుగారు ఒకరు. నాడు ఎదుట నున్నది నైజాము సర్కారు. నేడు మన చేతులతో ఎన్నుకొన్న సర్కారు బాకీ చెల్లింపక, ఆ బాకీకి మన బిడ్డనే హామీగ నిలుపుచున్నది. ఇదే మాకు మిక్కిలి సిగ్గుగ నున్నది. రెండు రాష్ట్రముల ప్రభుత్వములును ఈ బకాయిలకు గడువుతేదీ ప్రకటింపవలెను. విశ్వవిద్యాలయములు ఒక్క పని వెంటనే చేయవచ్చును: పట్టాలను, మార్కుల మెమోలను సిద్ధమైననాడే డిజిలాకరులో చేర్చి విద్యార్థికే నేరుగ అందజేయుట. అచ్చట జారీయైన పత్రము అసలు కాగితముతో సమానమని కేంద్రప్రభుత్వపు నిబంధన కలదు. నడిమిచేయి లేనిచోట పిడికిలి యెక్కడిది?

జాబు వ్రాసిన యువకునకు మా మాట: నాయనా, మీ తండ్రిగారిని నోటుపై ఇప్పుడే సంతకము చేయవలదనుము. రేపే అర్జీ యిచ్చి, దాని నకలు జతపరచి, చేరుటకు గడువు పొడిగింపుమని నీ కంపెనీవారికి వ్రాయుము. డిజిలాకరులో నీ మెమోలు ఇదివరకే చేరియున్నవేమో చూచుకొనుము. పదునైదు పనిదినములు గడచినను కదలిక లేనిచో, జిల్లాకోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయ ముండును, అచ్చటికి పొమ్ము. అర్జీ వ్రాయుట తెలియనిచో మా కార్యాలయమునకు రమ్ము, ముసాయిదా మేము వ్రాసిపెట్టెదము. రసీదు తీసికొనుట మాత్రము మరువకుము.