వల ప్రజలది, తీగ ఎవరిది?



నలుగురు స్వచ్ఛంద సేవకులు మిద్దెల మీద యాంటెన్నాలు బిగించి ఊరంతటికీ ఇంటర్నెట్ ఇవ్వగలిగినప్పుడు ఇన్ని శాఖలెందుకు, ఇంతమంది ఉద్యోగులెందుకు అని ప్రశ్నించే మేధావులున్నారు. ఈ వాదనను ఖండించవలసినదే. కాని ఆ ఆగ్రహంలో ఆ సేవకులనే మన శత్రువులుగా భావించడం అంతకంటె పెద్ద పొరపాటు.

వైర్‌లెస్ మెష్ నెట్‌వర్క్ అంటే ఏమిటో ఆర్.ఎం.ఎస్. సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి ఇంటి కప్పు మీది రౌటరూ ఒక సార్టింగ్ ఆఫీసు. వచ్చిన సమాచారపు చిరునామా చూచి పక్క కప్పుకు అందిస్తుంది. ఒక దారి తెగితే, గండిపడిన లైను నుండి రైలును మళ్ళించినట్లు, మరొక దారిన పంపుతుంది. దీనికి యజమాని ఒక్కడు కాడు, పాల్గొన్నవారందరూ యజమానులే.

ఇది పగటికల కాదు. స్పెయిన్ దేశపు కాటలోనియాలో, పెద్ద కంపెనీలు లాభం లేదని ఉపేక్షించిన పల్లెల ప్రజలు 2004లో గిఫి.నెట్‌ను ప్రారంభించారు. దాని కేంద్రాలు 30,000కు మించాయి. మన దేశంలో 2005 జనవరిలో ఆరుబయట వై-ఫై వాడకానికి లైసెన్సు నిబంధన తొలగిన వెంటనే ధర్మశాల కొండలలో ఇటువంటి వల వెలసింది.

అయితే ఏ వల అయినా ఎక్కడో ఒకచోట తీగను అందుకొనక తప్పదు. గిఫి.నెట్ సైతం తరువాత ఆప్టికల్ ఫైబర్ వేసుకొనవలసి వచ్చింది. అక్కడ కూడా జీతం తీసుకొని పనిచేసే నిపుణులున్నారు. ఆ వల మీద వ్యాపారం చేసే సంస్థలు దాని ఖర్చులో వాటా చెల్లించాలి. స్వచ్ఛంద సేవకుడు తీరిక ఉన్ననాడు నిచ్చెన ఎక్కుతాడు. లైన్‌మన్ తుపాను రాత్రి కూడా ఎక్కుతాడు. సేవకులు చాలునన్న వాదన ఇక్కడే కూలిపోతున్నది.

మరి మన దేశంలో ఆ తీగ ఎవరిది? రైలు పట్టాల వెంట 60,000 కిలోమీటర్లకు పైగా రైల్‌టెల్ ఫైబర్ ఉన్నది. అది ప్రజల సొత్తు. ఆ కంపెనీలో కొంత వాటాను 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం షేర్ మార్కెట్టులో అమ్మివేసింది. తీగ చేజారిన నాడు వలకు ప్రాణముండదు.

కనుక మన కోర్కెలు స్పష్టం. లాభాపేక్ష లేని గ్రామీణ నెట్‌వర్కులకు ప్రభుత్వ ఫైబర్‌ను ఖర్చు ధరకే అందించాలి. రైల్వే స్టేషన్ల, సొంత భవనాలున్న తపాలా కార్యాలయాల కప్పులను వాటి యాంటెన్నాలకు ఇవ్వాలి. తీగ నిర్వహణకు కాంట్రాక్టు కూలీలను గాక శాశ్వత ఉద్యోగులను నియమించాలి.

ప్రజల సేవాభావం ప్రభుత్వ బాధ్యతకు తోడు కావాలి. బాధ్యత నుండి తప్పుకొనుటకు సాకు కారాదు. వల అల్లే చేతులతో తీగను కాపాడే చేతులు కలవాలి!