మోతయే బలమా?

మన పట్టణములందు నొక క్రొత్త వ్యసనము ప్రబలినది. యువకుడు కారునో మోటారుసైకిలునో కొనును. తయారుచేసినవారు దానికి బిగించి పంపిన సైలెన్సరును విప్పి మూలను పడవైచును. అంగడినుండియో, పార్సెలు మూలముననో తెప్పించిన వేరొక గొట్టమును తన యింటి ముంగిట తానే పానా పట్టి బిగించును. బండి కదలినంతనే వీధియంతయు దద్దరిల్లును. పాత నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విభజింపబడినను, హైదరాబాదునుండి విజయవాడకు, కర్నూలునకు, శ్రీశైలమునకు బోవు మూడు రాజమార్గములును ఈ నేలమీదుగనే సాగుచున్నవి. కావున రాజధానిలోని ధనికుల స్పోర్ట్స్ కార్ల మోతయు, మన వీధులలోని బుల్లెట్ బండ్ల మోతయు, రెండును మన చెవులనే చేరుచున్నవి.

ఇది చూచి కొందరు పెద్దలు నేటి కుర్రవాండ్రకు వేరు పని లేదని విసుగుకొందురు. మేమట్లనజాలము. తన బండిక్రింద తాను దూరి, చేతులు మసిచేసికొని, మరలు విప్పి బిగింపగల యువకుడు మాకు ప్రియుడే. చదువుకొన్నవాడు చేతిపనిని చిన్నచూపు చూచుట మన సంఘమునకు పాతరోగము. ఈ మెట్టసీమలో బావులెండి బోర్లు వచ్చినది మొదలు, మోటారు విప్పి బాగుచేయు నేర్పు పల్లెపల్లెకును ప్రాకినది. సూర్యాపేట, నార్కటుపల్లి, జడ్చర్ల దారులవెంట లారీషెడ్లలో పెద్దచదువు లేకయే ఇంజను గుట్టు నెరిగిన మేస్త్రీలు గలరు. ఆ నేర్పు చదువుకొన్న యిండ్ల ముంగిళ్లకు వచ్చుట శుభమే. కావున మా తగవు పానాతో గాదు. ఆ పానాతో దేనిని విప్పుచున్నారో దానితోనే.

సైలెన్సరు చేయు పని యేమి? ఇంజనులో పెట్రోలు మండిన పిదప వాయువు మిక్కిలి వేడితోను ఒత్తిడితోను కవాటము దాటి బయటికి దూకును. ఇట్లు నిమిషమునకు వేలసార్లు జరుగును. ప్రతి దూకును ఒక చిన్న ప్రేలుడువంటిది. సైలెన్సరులోని అరలును, తూట్లుగల గొట్టములును, కొన్నింటిలో గాజునారయు, ఆ ధ్వనితరంగముల నొకదానితో నొకటి ఢీకొల్పి మెత్తపరచి వెలికి బంపును. ప్రతి మోటారు బండికి నిట్టి సాధన ముండవలెననియు, అది మోతను సాధ్యమైనంత తగ్గింపవలెననియు 1989నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వది విధించుచున్నది. ఇంజను యజమానికి ఉపయోగించును; చక్రములు యజమానికి ఉపయోగించును. సైలెన్సరు మాత్రము ఇరుగుపొరుగువారి కొరకు పెట్టినది. బండి వెల యంతయు యజమాని చెల్లించినను, అందీ యొక్క భాగము వీధివారిది.

గొట్టము మార్చినచో బలము హెచ్చునని అంగడివాని మాట. ఇందు సత్యము బొత్తిగా లేకపోలేదు. కాని అది పావలా సత్యము. పందెపు బండికి కవాటములు, ఇంధనపు పాలు, గొట్టపు పొడవు, వెడల్పు, అన్నియు నొకదానికొకటి లెక్కగట్టి అమర్తురు. అచ్చట వాయువు సుళువుగ వెడలుటవలన ఫలము గలదు. వీధిబండికి గొట్టమొక్కటి మార్చినంతమాత్రమున గలుగు లాభము స్వల్పము. ఒక్కొక్కప్పుడు తక్కువ వేగమున లాగుబలము తగ్గుటయు గలదు. పాత కార్బరేటరు బండిలో ఇంధనపు పాలు తగ్గి ఇంజను వేడెక్కవచ్చును. క్రొత్త బండిలో గొట్టమునకు బిగించిన ఆక్సిజన్ సెన్సరు లెక్క తప్పి, నడుపువాని యెదుట హెచ్చరిక దీపము వెలుగవచ్చును. మోత హెచ్చగనే వేగము హెచ్చెనని చెవి నమ్మును గాని చక్రము నమ్మదు. వట్టిగొడ్డుకు అరుపులెక్కువ యని మన పల్లెవారన్నమాట యిచ్చట నక్షరాల చెల్లును.

మోతకంటె కంటికి కానరాని కీడు వేరొకటి గలదు. పెట్రోలు కార్ల గొట్టములో సైలెన్సరునకు ముందు కాటలిటిక్ కన్వర్టరు అను పెట్టె యుండును. అందు ప్లాటినము, పలేడియము, రోడియము అను విలువగల లోహములు పలుచని పూతగా నుండి, విషవాయువులను చాలవరకు హానిలేనివిగా మార్చును. 1995లో నాలుగు మహానగరముల క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని విధించిరి. సీసము కలిసిన పెట్రోలు దీనిని చెరచును గనుక, 2000 నాటికి దేశమంతట సీసము లేని పెట్రోలునే అమ్మునట్లు చేసిరి. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 ప్రమాణములు వచ్చినవి. ఇరువదియైదేండ్లు దేశము పడిన పాటును, వాయువునకు అడ్డమను నెపముతో, ఒక ఆదివారము మధ్యాహ్నము విప్పి పారవేయుట యే ఘనకార్యము?

ఇంటియొద్ద పని చేయువాని ప్రాణమును గూర్చియు రెండు మాటలు చెప్పవలసియున్నది. జాకీ నొక్కదానినే నమ్మి కారుక్రింద దూరుట మృత్యువుతో పరిహాసమాడుటయే. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డు వేయవలెను. గొట్టము పూర్తిగా చల్లారనిదే ముట్టరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. గాస్కెట్టు సరిగా కూర్చుండని అతుకునుండి ఆ వాయువు కారులోనికే చేరి, అందున్న బిడ్డలను నిద్రలోనే హరింపవచ్చును.

ఇక వీధి గోడు వినుడు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా నిర్ణయించినవి. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్లను నిశ్శబ్దస్థలముగ ప్రకటింపవచ్చును. అచ్చట పగలు 50, రాత్రి 40. తయారీనాటి పరీక్షలో కారు మోత 74 మించరాదని 2005లో విధించిరి, 175 సి.సి.లకు మించిన మోటారుసైకిలునకు 80 వరకు విడిచిరి. డెసిబెలు లెక్క రూపాయల లెక్కవంటిది గాదు. పది హెచ్చిన ధ్వనిశక్తి పదిరెట్లగును. ఇరువది హెచ్చిన నూరురెట్లగును. తయారైనది తయారైనట్లున్న బండియే ఇరుకువీధికి బరువు. అరలు తీసివేసిన బండి మాట చెప్పనేల?

ఈ బరువు నెవరు మోయుచున్నారు? ప్రభుత్వాసుపత్రి వార్డులో రాత్రి కన్నుమూయలేని రోగి మోయుచున్నాడు. మన జిల్లా గ్రంథాలయములలో ఉద్యోగపరీక్షలకు చదువు విద్యార్థులు మోయుచున్నారు. వారిలో పలువురు ఇంట వేరు గది లేక పఠనమందిరపు బల్లనే నమ్ముకొన్నవారు. పాలమూరునుండి పొట్టచేతబట్టుకొని వలసపోయిన తల్లిదండ్రుల బిడ్డలును వారిలో గలరు. ధనమున్నవాడు గోడలు బిగించిన గదిలో చదువుకొనును. బీదవానికి నిశ్శబ్దమే పెట్టుబడి. ఆ పెట్టుబడిని వీధిన బోవువాడు గడియగడియకును దోచుకొనుచున్నాడు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, తెలంగాణమున జనజాగృతి గ్రంథాలయమును ఆశ్రయించియే పెరిగినది. అట్టి స్థలమున అక్షరము నిలువనీయని మోతను సహించుట మన చరిత్రకే తగదు.

నోరులేని ప్రాణులును గలవు. శ్రీశైలపు దారి మన్ననూరు దాటిన పిదప అమ్రాబాదు పులుల అభయారణ్యములో ప్రవేశించును. రాత్రి తొమ్మిదినుండి ఉదయమారువరకు అచ్చట బండ్లను పోనీయరు. రాత్రి యడవికి నెమ్మది కావలెనని గేటు మూసినవారము, తెల్లవారగనే గుంపులుగూడి గర్జించుచు బోవు బండ్లకు ఆ గేటునే తెరచుచున్నాము. చెంచుపెంటల నెమ్మదికిని, జంతువుల నెమ్మదికిని పగటియందు విలువ లేదా?

చట్టము లేదనుకొనరాదు. 1988నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగ బండిని మార్చుట నిషేధించినది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ విషయమునే స్థిరపరచినది. ఆ యేటి సవరణతో, అనుమతి లేక బండిని మార్చిన యజమానికి ఆరునెలలవరకు ఖైదో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. మోతకును పొగకును సంబంధించిన 190వ సెక్షను క్రింద మొదటి తప్పునకు మూడునెలలవరకు ఖైదు, 10,000 రూపాయలవరకు జుల్మానా, మూడునెలలు లైసెన్సు రద్దును గలవు.

చట్టమిట్లుండగా జరుగుచున్నదేమి? పట్టుకొన్న సైలెన్సర్లను రోడ్డుమీద వరుసగ పరచి, రోలరుతో నలిపించి, ఫొటోలు తీయించుట మన రాష్ట్రమున పలుమారు చూచితిమి. చూచుటకు బాగుగనే యున్నది. కాని నలిగినది కొన్నవాని సొమ్ము. అమ్మినవాని అంగడి మరునాడు యథాప్రకారము తెరచియే యుండును. చట్టమందు భాగముల విక్రేతకు ఏడాది ఖైదు, లక్ష రూపాయల జుల్మానా వరకు శిక్ష గలదు గాని, అది కేంద్రప్రభుత్వము భద్రతకు కీలకమని ప్రకటించి, ప్రమాణము నిర్ణయించిన భాగములకే చెల్లును. సైలెన్సరు ఆ పట్టికలో నిస్సంశయముగ నుండవలెను. ప్రమాణపు ముద్ర లేని గొట్టము అంగడిలో వ్రేలాడుటయే నేరముగావలెను. కల్లుపాకను విడిచి త్రాగినవానిని మాత్రము కొట్టుట న్యాయము గాదు, ఫలమును లేదు.

యువకుల యుత్సాహమునకు దారి చూపకుండ దండమొక్కటే చూపుటయు మాకు సమ్మతము గాదు. కోయంబత్తూరు, చెన్నపట్టణముల కడ బండిపందెములకు ప్రత్యేకపు బాటలు గలవు. బీడునేలకు కొరతలేని మన జిల్లాలలో ఊళ్లకు దూరముగ నట్టిదొకటి యేర్పడినచో, వేగము కోరువాడు అచ్చట వేగము చూచుకొనును. మన ఐ.టి.ఐ.లును పాలిటెక్నిక్కులును సాయంకాలము తరగతులు పెట్టి, తుప్పుపట్టిన సైలెన్సరును సరియైన ప్రమాణపు దానితో మార్చుట, గాస్కెట్టు వేయుట, పొగ పరీక్షించుట నేర్పవచ్చును. పానా పట్టిన చేతికి విద్య తోడైన, అదే చేయి రేపు పదిమందికి పని కల్పించును.

మోత లేనిదే వేగము లేదనువారు ఒక్క సంగతి గమనింతురుగాక. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు తీరమున ఫార్ములా ఈ అను అంతర్జాతీయ పందెము జరిగినది. లోకమందలి నేర్పరులు నడపిన ఆ కార్లకు పొగగొట్టమే లేదు. అవి విద్యుత్తుతో నడచినవి. అదే సంవత్సరము మే నెలలో మహబూబునగరు చెంతనున్న దివిటిపల్లిలో లిథియము బ్యాటరీల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. గొట్టములేని బండికి ప్రాణమగు వస్తువునకు మన పాలమూరు నేలయే పునాది యగుచుండ, మన బిడ్డలు ఖాళీగొట్టపు టరుపులో పౌరుషమును వెదకుకొనుట శోచనీయము. నిండుకుండ తొణకదు.

కావున యువకులారా, మూలను పడవైచిన సైలెన్సరును వెదకి తీయుడు. విప్పిన చేతితోనే తిరిగి బిగింపుడు. పోలీసువారి రోలరు వచ్చువరకు నిరీక్షింపనక్కరలేదు. పఠనమందిరముల సభ్యులారా, తమ గ్రంథాలయముచుట్టు నూరు మీటర్లను నిశ్శబ్దస్థలముగ ప్రకటింపుమని ప్రభుత్వమునకు అర్జీ వ్రాసి, చదువరులచేత చేవ్రాళ్లు చేయించి, ఈ వారమే కలెక్టరు కచేరికి పంపుడు. అంగడివానిని పట్టు చట్టము ఢిల్లీనుండి రావలెను. ఈ రెండు పనులకు మాత్రము ఎవరి సెలవును అక్కరలేదు.