కౌన్సెలర్ గది దాకా తోడెవరు?



విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై సాగిన కేసులో, వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి కనుక ఈ ఆదేశం ఎంతో అవసరం. అయితే గది తెరిచి బోర్డు పెట్టగానే పిల్లలు వస్తారనుకోవడం పొరపాటు. మానసిక వైద్యశాలలు ఉన్నందుకే హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’, విశాఖలో ‘పెద్ద వాల్తేరు’ అన్న పేర్లే వెక్కిరింతలుగా చలామణి అవుతున్నచోట, కౌన్సెలర్ తలుపు తట్టడానికి పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఎంత జంకుతాడో ఊహించవచ్చు.

ఆ జంకు పోగొట్టేది కూడా చుట్టూ ఉన్న మనుషులే. అమెరికాలో 13 విశ్వవిద్యాలయాల విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. సాయం కోరినవారిని సమాజం చిన్నచూపు చూస్తుందని ఆ విద్యార్థుల్లో చాలామంది అనుకున్నారు. తాము మాత్రం అంతగా చూడమన్నారు. అంటే, లేని వెలివేతకు కూడా భయపడుతున్నారన్నమాట. అక్కడిదే మరో పరిశోధనలో, సాయం తీసుకున్న విద్యార్థుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఎవరో ఒకరు వెళ్లమని చెబితేనే వెళ్లారు. ఆ లెక్కలు మనకెందుకని అనవచ్చు. కాలేజీ ఎంపిక మొదలు పెళ్లి సంబంధం దాకా నలుగురి మాట చూసుకునే మన ఇళ్లలో ఆ ‘ఎవరో ఒకరి’ మాటకు బలం ఎక్కువే తప్ప తక్కువ కాదు.

హాస్టల్లో ఆ ‘ఎవరో ఒకరు’ రూమ్మేటే కావచ్చు. రూమ్మేట్లు డాక్టర్లు కారు, వాళ్లకు తెలిస్తే గుట్టు రట్టవుతుందన్న అభ్యంతరంలో నిజం ఉంది. అందుకే వాళ్లు వైద్యం చేయనక్కర్లేదు, సలహాలూ ఇవ్వనక్కర్లేదు. విని, వెంట నడిస్తే చాలు. ప్రాణాపాయం కనిపిస్తే మాత్రం ఒక్క క్షణం దాచకుండా పెద్దలకు చెప్పాలి. ఇక కౌన్సెలర్‌తో చెప్పుకున్నది మార్కుల షీటులా ఇంటికి చేరుతుందన్న అనుమానం ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు. వైద్య వివరాల గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించిందని, దానికి మినహాయింపులేమిటో కూడా, కాలేజీలో చేరిన మొదటి రోజే చెప్పాలి.

హాస్టల్ వార్డెన్లకు, ప్రతి సెక్షన్ నుంచి కొందరు విద్యార్థులకు ఇలా తోడు నిలవడంలో ఈ విద్యా సంవత్సరంలోనే శిక్షణ ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను. ఈలోగా మానసిక సహాయ సేవ టెలీమానస్ ఉచిత నంబరు 14416ను ప్రతి హాస్టల్ గది తలుపు మీదా అంటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం