శాసనములో జలమార్గము, నేలమీద మురుగుకాలువ

2008 నవంబరులో భారత ప్రభుత్వమువారు కాకినాడ మొదలు పుదుచ్చేరి వఱకు గల కాలువలను, వానితోడ గోదావరీ కృష్ణానదులలో కొంత భాగమును జేర్చి, నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి. దాని పొడవు 1,078 కిలోమీటర్లు. 2016 నాటి శాసనము దీనిని మఱింత పొడిగించినది. ప్రకటన వెలువడి పదునైదేండ్లు దాటినవి. కాకినాడలో సరకెత్తి, ఈ మార్గమున పుదుచ్చేరిలో దించిన వర్తకు డొక్కడైన గలడా యని మేము ప్రశ్నించుచున్నాము.

ఉప్పలు, నాచారము, జవహర్‌నగరు నివాసులకు కోస్తాకాలువల గొడవ యేల యని కొంద ఱనవచ్చును. 2008 నాటి ప్రకటనలో ఈ జలమార్గపు కృష్ణాశాఖ వజీరాబాదు వద్ద మొదలైనది. ఆ ప్రాంతముననే, వాడపల్లికడ, మన మూసీనది కృష్ణలో గలియుచున్నది. నాచారపు పెద్దచెఱువు, ఉప్పలు నల్లచెఱువు వంటివి యొంటరి గుంటలు కావు. ఒక చెఱువు నిండి మత్తడి దూకిన నీరు వాగై మఱియొక చెఱువును జేరి, తుదకు మూసీపాలగుట ఈ నేల వాలు. కావున మన వీధి నాలాలో వదలిన మురుగు మూసీలో దిగి, శాసనమువారి జాతీయ మార్గమునే పలుకరించుచున్నది. అచటనుండి విజయవాడకు, కొమ్మమూరు కాలువకు, పెదగంజాము మీదుగా బకింగుహాము కాలువకు త్రోవ యున్నది. ఈ గొడవ మనది కాదనుట యెట్లు?

ఈ కాలువల పుట్టుక నొకపరి జ్ఞప్తికి దెచ్చుకొందము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. వానినుండి తీసిన కాలువలు పొలమునకు నీరు నిచ్చినవి, పడవకు దారియు నిచ్చినవి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో గలిపినది. చెన్నపట్టణము వైపునుండి 1806లో కాక్రేనను వర్తకుడు ఎన్నూరు వఱకు త్రవ్వించిన చిన్నకాలువ నానాట నుత్తరమునకు సాగి, 1878 నాటికి పెదగంజామును జేరినది. 1877 నాటి మహాక్షామములో పనికి వచ్చిన బీదలచేత నందు కొంత భాగము త్రవ్వించిరి. ఆ యేట సర్ రిచర్డు టెంపులు క్షామపు పనివారికి నిర్ణయించిన కూలి, దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై స్వల్పమైన రొక్కము. గంప మోసినది కఱవు వాతబడిన కూలి. పేరు నిలిచినది బకింగుహాము ప్రభువుది!

సర్ ఆర్థరు కాటను, రైళ్లకన్న కాలువలే ఈ దేశమునకు మేలని 1878లో ఆంగ్లేయ పార్లమెంటు సంఘము నెదుట వాదించెను. ఆయన మాట చెల్లలేదు. రైలుకంపెనీల పెట్టుబడిపై నూటి కైదు వంతున లాభము నిత్తుమని మన పన్నులను పూచీ పెట్టిన దొరలకు, పడవ నడుపు పల్లెవాని లాభముతో పని యేమి? 1900లో గోదావరిపై రైలువంతెన ముగిసినది. పడవల బలము తగ్గినది. తగ్గినను చావలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి కృష్ణాకాలువపై పడవ గ్రంథాలయమును నడపి, గట్టుమీది గ్రామములకు పుస్తకములను జేర్చిరి. పరప్రభుత్వపు దినములలో పుస్తకము మోయగలిగిన కాలువ, స్వరాజ్యములో గుఱ్ఱపుడెక్కను మాత్రము మోయుచున్నది.

తుపానులు గట్లను గోసినవి, నిజమే. కాని లాకుల తలుపులు త్రుప్పు పట్టుటకు, పూడిక తీయక యుండుటకు తుపాను కారణము కాదు. చెన్నపట్టణములో రైలుస్తంభములను కాలువ గర్భముననే పాతిరి. తుపాను వచ్చి పాతినదా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఈ కాలువయే సముద్రజలమును దన యందు బట్టి, మెల్లగా వెనుకకు విడిచి, తీరగ్రామములను కొంత కాపాడినదని పరిశీలకులు వ్రాసిరి. చచ్చినదని మనము వదలుకొన్నది మనవారిని బ్రదికించినది.

లారీలును రైళ్లును ఉండగా పడవ యేల, ఇది పాతకాలపు మోజు, అనువారు కలరు. రైళ్లకు గొదువలేని జర్మనీ 1992లో రైను, మైను, డాన్యూబు నదులను గలుపు కాలువను ముగించినది. ఆ దేశీయులు మనకన్న వెనుకబడినవా రగుదురేమో! మఱియొక యాక్షేపణ మాత్రము బరువైనది: వేసవిలో కాలువలు గట్టినపుడు పడవకు నీ రెక్కడిది? రైతు నోటి నీటిని లాగి పడవను దేల్చుమని మేము కోరము. మొదట పొలము, త్రాగునీరు. మిగిలిన నెలలలో పడవ. పూర్వమును జరిగిన దదియే.

పేరు పెట్టుట సులభము. కాలువలో కాలువ కుండవలసిన లోతు, వెడల్పు, శుభ్రమైన నీరు ఉంచుట కష్టము. ఆ కష్టము పైనుండి, అనగా మన యొద్దనుండి, మొదలు కావలెను. 2020 అక్టోబరు వానలలో తూర్పు హైదరాబాదులోని పల్లపు కాలనీలు మునిగినపుడు, ఇరుకుచేసిన నాలాల వెల యెంతయో మనవారు చూచిరి. మూసీ యొడ్డును సుందరముగ జేయుదుమను ప్రభుత్వములు, ఆ మూసీకి నీరు దెచ్చు నాలాల మాట ముందు తీయవలెను. నల్లచెఱువు మత్తడినీరు మూసీకి బోవు నాలా వెడల్పు రెవిన్యూ పటములో నెంత, నేలమీద నెంత? ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి, వార్డు కచ్చేరి గోడకు అంటింపవలెను. చెఱువులో గలియు ప్రతి మురుగుగొట్టమును లెక్కించి, శుద్ధి చేయనిదానిని మూయవలెను. ఇందుకు ఢిల్లీనుండి క్రొత్త శాసనము రానక్కరలేదు. రానున్న వర్షకాలమునకు ముందే దీనిని జేయుడని నగరపాలకులను మేము కోరుచున్నాము.