శబ్దవేధి

దశరథుడికి శబ్దవేధి విద్య తెలుసు. కంటికి కనపడనిదాన్ని చప్పుడునుబట్టి కొట్టేవాడు. కుండలో నీళ్లు బుడబుడమంటే ఏనుగనుకుని బాణం వేశాడు, తగిలింది మునికుమారుడికి. ఆ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీనుంచి ఒక కొంటె ప్రశ్న వస్తుంది: "శబ్దాన్నిబట్టి కొట్టడం సరేనండీ, శబ్దంతోనే కొట్టలేమా?" కొట్టవచ్చునట. అదీ పుర్రె తెరవకుండా, మెదడు లోపల!

సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినపడదు. దాన్నే అతిధ్వని అంటారు. గర్భిణీ స్త్రీలకు తీసే స్కానింగు దాని చలవే. భూతద్దంతో ఎండను ఒకచోట చేర్చి దూది కాల్చే ఆట మనందరం ఆడినదే కదా. అతిధ్వనినీ అలాగే ఒక్క చుక్కమీదికి చేర్చవచ్చు. చిక్కల్లా పుర్రెతోనే. అది ఒకచోట మందం, ఒకచోట పల్చన. అలలన్నీ ఒక్క వేళకు లోపలికి చేరవు. దీనికి ఉపాయం మా వూరివాళ్లకు తెలిసిందే. శివరాత్రినాడు అమరేశ్వరుడి హారతివేళకు అందరూ ఒక్కసారే చేరాలంటే ధరణికోటవాళ్లు ముందు బయలుదేరాలి. గుడివీధివాడు తాంబూలం వేసుకుని తాపీగా వచ్చినా చాలు. తలమీద బోర్లించే టోపీలో 1024 ధ్వని బిళ్లలు వుంటాయి. ఒక్కొక్కదాన్ని, దాని దారిలోని ఎముకను లెక్కగట్టి, రవంత ముందో వెనకో మోగిస్తారు.

మా వీధిలో ఒక రిటైరైన మేష్టారున్నారు. ఒకప్పుడు ఆయన దస్తూరీకి ముచ్చటపడి, వూళ్లోవాళ్లు శుభలేఖలమీద పేర్లు ఆయనచేతే రాయించుకునేవారు. ఇప్పుడు కాఫీ గ్లాసు పెదవిదాకా వెళ్లేలోగా సగం పంచెమీద ఒలుకుతుంది. మొన్న ఒక పత్రిక పట్టుకొచ్చి, "ఏమోయ్, కత్తి పెట్టకుండా ధ్వనితో మెదడును తట్టిలేపుతారట. నా చెయ్యి నిలుస్తుందంటావా?" అన్నారు.

ఆ పత్రికవారు రెండు సంగతులు కలిపి వండారు. మొదటిది కాల్చడం. వణుకును నడిపించే మెదడులోని చిన్నచోటును అతిధ్వనితో 55, 60 డిగ్రీలదాకా వేడిచేసి మాడ్చివేస్తారు. ఎం.ఆర్.ఐ. యంత్రంలో వేడిని కొలుస్తూ చేస్తారు. రోగి మెలకువగానే వుంటాడు. మధ్యమధ్య గీతలు గీయమంటారు. మందులకు లొంగని వణుకుకు దీన్ని 2016లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కొందరి పుర్రెకు ఇది పొసగదు. కొందరికి తిమ్మిరి, నడకలో తూలుడు మిగులుతాయి. మాడినచోటు మళ్లీ రాదు.

రెండవది తట్టడం. ఇందులో ధ్వని మంద్రం, మాడేదేమీ లేదు. ధ్వని ఒత్తిడికి నరాల కణాల తలుపులు కదులుతాయని ఊహ. 1929లోనే హార్వే అనే ఆయన అతిధ్వనితో కప్ప కండరాన్ని కదిలించాడు. 2014లో వర్జీనియాలో స్పర్శ తెలిసే మెదడుభాగంమీద దీన్ని ప్రయోగిస్తే, వేలికి తగిలిన మొనలు ఒకటా రెండా అన్నది మనుషులు మునుపటికన్న బాగా పోల్చుకున్నారట. 2016లో లాస్ ఏంజిలిస్‌లో, కోమానుంచి తేరుకుంటున్న 25 ఏళ్ల యువకుడికి 30 సెకన్ల చొప్పున పదిసార్లు యిచ్చారు. మూడు రోజులకు మాటలు అర్థం చేసుకుని తల వూపాడు. తనంతట తాను కోలుకుంటున్నవేళ మేం తారసపడ్డామేమోనని, ఆ పని చేసిన మార్టిన్ మోంటీయే అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకాయనంటే గౌరవం.

2018లో మరో మెలిక పడింది. అతిధ్వనికి గినీపందుల మెదడు కదిలిందని సంబరపడితే, అది చాలావరకు చెవి చేసిన పని! ఆగి ఆగి మోగే ఆ ధ్వని చెవికి వినబడిందన్నమాట. వినికిడి పోగొట్టి చూస్తే ఆ కదలిక దాదాపు మాయమైంది. దశరథుడి పొరపాటుకు యిది తిరగమోత. అప్పటినుంచీ మనుషులమీద ప్రయోగించేటప్పుడు చెవికి వేరే శబ్దం వినిపిస్తూ జాగ్రత్తపడుతున్నారు. కాబట్టి తట్టిలేపే టోపీ అంటూ ఎవరైనా యింటికి తెచ్చి అమ్మజూపితే, కాఫీ యిచ్చి సాగనంపండి.

మేష్టారితో యిదంతా చెప్పి, వణుకుల్లో రకాలున్నాయనీ, ముందు నరాల డాక్టరు చూసి ఏ రకమో తేల్చాలనీ, మందులతో తగ్గేదైతే ఈ టోపీలతో పనే లేదనీ అన్నాను. ఆయన అంతా విని, "మెలకువగా వుంచి గీతలు గీయిస్తారన్నావే, ఒక్క అక్షరం రాయనిస్తారా?" అన్నారు. సోమవారం పెద్దబ్బాయి ఆయన్ను గుంటూరు తీసుకువెళుతున్నాడు.